పంతొమ్మిదికి తొందర లేదు, ఇరవై ఒకటికి ఉంది

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి చదువుతున్నాడు. గుంటూరులో 2009 జనవరి 2న పుట్టాడు. అమావాస్య వెళ్ళేదాకా ఆగాలని మా మామగారు పట్టుబట్టి, మంచి నక్షత్రం చూసి ఆపరేషన్ పెట్టించారు. వాడికి నాలుగేళ్ళప్పుడు అమెరికా వచ్చాం. మావారిది హెచ్‌-1బీ, నాదీ పిల్లలదీ హెచ్‌-4. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నాం. అబ్బాయి ఇప్పుడు ఆరడుగుల ఏడంగుళాలు, బాస్కెట్‌బాల్ తప్ప మరో ధ్యాస లేదు. వాడి క్లబ్ కోచ్ ఒక ఆలోచన చెప్పారు. జనవరిలో వేరే రాష్ట్రంలోని ఒక ప్రెప్ స్కూల్లో (కాలేజీకి తయారుచేసే ప్రైవేటు బడి) చేర్చి, పదకొండు, పన్నెండు తరగతులు కలిపి 2026 వేసవికల్లా పూర్తి చేయిస్తే, కాలేజీలో ఒక్క ఏడాది ఆడి 18 ఏళ్ళకే వృత్తి ఆటగాళ్ళ పెద్ద లీగ్ ఎన్‌బీఏకు వెళ్ళవచ్చట, కూపర్ ఫ్లాగ్ లాగా. ఫీజు 45 వేల డాలర్లు. పైగా కోచ్‌కు తెలిసిన ఒక మేనేజర్ మావాడి రాబోయే సంపాదనలో ఇరవై శాతానికి ఒప్పందం రాయమంటున్నారు. మావారు సరేనంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అసలు ఈ వయసు నిబంధన ఏమిటి? ఆగితే మావాడు నష్టపోతాడా? మా అమ్మాయికి పన్నెండేళ్ళు, తనూ ఆడుతోంది. తనకూ ఇవే నిబంధనలా?

— ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోచ్‌గారి ఆలోచన అర్థం చేసుకోవడానికి, రెండోసారి మీవాడి పుట్టినతేదీ సరిగ్గానే చదివానా అని చూసుకోవడానికి. ఆ తేదీ దగ్గరే ఆయన లెక్క తప్పింది.

ఎన్‌బీఏ జట్లు ఏటా జూన్‌లో వంతులవారీగా, రెండు రౌండ్లలో కొత్త ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఆ డ్రాఫ్ట్‌కు రావాలంటే రెండు షరతులు ఒకేసారి తీరాలి. ఒకటి, డ్రాఫ్ట్ జరిగే క్యాలెండర్ సంవత్సరంలో కుర్రాడికి 19 ఏళ్ళు నిండాలి. డ్రాఫ్ట్ రోజుకే నిండనక్కరలేదు, ఆ ఏడాది డిసెంబర్ 31 లోపు నిండితే చాలు. రెండు, అమెరికాలో చదివినవాడైతే హైస్కూల్ పూర్తయ్యాక ఒక ఎన్‌బీఏ సీజన్ గడిచి ఉండాలి. ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. మీవాడు అందరిలాగే 2027లో హైస్కూల్ పూర్తి చేస్తే, 2027-28 సీజన్ గడిచాక 2028 జూన్ డ్రాఫ్ట్‌కు రెండో షరతు తీరుతుంది. 2028 జనవరి 2న 19 నిండుతాయి కాబట్టి మొదటిదీ తీరుతుంది. అంటే 2028. ఇక కోచ్‌గారి దారి చూద్దాం. 45 వేల డాలర్లు కట్టి, రెండేళ్ళ చదువు ఏడాదిలో మింగించి, 2026లోనే పూర్తి చేయించారనుకుందాం. రెండో షరతు 2027 జూన్‌కే తీరిపోతుంది. కానీ 2027 క్యాలెండర్‌లో మీవాడికి నిండేది 18 మాత్రమే. మళ్ళీ 2028 దాకా ఆగాల్సిందే. ఎటు తిప్పినా అదే సంవత్సరం.

కూపర్ ఫ్లాగ్ సంగతి వేరు. అతను 2006 డిసెంబర్ 21న పుట్టాడు. 2025 క్యాలెండర్ ముగియడానికి పది రోజుల ముందు అతనికి 19 నిండుతాయి. అందుకే హైస్కూల్ ఒక ఏడాది ముందే ముగించి, డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒక సీజన్ ఆడి, 2025 జూన్‌లో 18 ఏళ్ళవాడిగానే మీ డాలస్ మావెరిక్స్‌కు మొట్టమొదటి ఎంపికగా వెళ్ళగలిగాడు. ముందు ముగించడం వల్ల అతనికి నిజంగానే ఒక ఏడాది కలిసొచ్చింది. మొదటి ఏడాది జీతమే సుమారు 1.38 కోట్ల డాలర్లు కాబట్టి ఆ ఏడాది విలువ తక్కువేమీ కాదు. మీవాడు కూడా డిసెంబర్‌లోనే పుట్టి ఉంటే కోచ్‌గారి మాటకు కనీసం లెక్కయినా కుదిరేది. అమావాస్య వెళ్ళేదాకా ఆగారు కాబట్టి కుదరలేదు. ఈ సంగతి మీ మామగారికి చెప్పకండి, పెద్దాయన నొచ్చుకుంటారు.

ఇక ఈ నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. ఎందుకు చెబుతున్నానంటే, మీవారు దీన్ని పిల్లల కోసం పెట్టిన నిబంధన అనుకుంటున్నారేమో. దాన్ని పెట్టినవాళ్ళ మనసులో పిల్లలు చాలా వెనక వరసలో ఉన్నారు.

ఒకప్పుడు హైస్కూల్ ముగిశాక నాలుగేళ్ళు గడవనిదే ఎవరినీ ఎన్‌బీఏలోకి రానిచ్చేవారు కాదు. దాన్ని బద్దలు కొట్టినవాడు స్పెన్సర్ హేవుడ్. మిసిసిపీలో పత్తి ఏరుకునే కుటుంబం, పదిమంది పిల్లలు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో పంతొమ్మిదేళ్ళకే బంగారు పతకం. కాలేజీ మధ్యలో వదిలి, అప్పట్లో ఎన్‌బీఏకు పోటీగా ఉన్న ఏబీఏలో ఏడాది ఆడి, 1970లో సియాటెల్ జట్టుతో ఒప్పందం రాసుకున్నాడు. ఎన్‌బీఏ కాదంది. అతను కోర్టుకు వెళ్ళాడు. కేసు నడుస్తున్నన్నాళ్ళూ కొన్ని ఊళ్ళలో మైకులో అతన్ని చట్టవిరుద్ధమైన ఆటగాడని ప్రకటించేవారని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు, వేలమంది ముందు నిలబడి ఆ మాట వినడం ఒకసారి ఊహించండి. 1971లో అమెరికా సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. ఈ రోజు చిన్న వయసులో కోట్లు సంపాదిస్తున్న ప్రతివాడూ ఆయనకు ఒక నమస్కారం బాకీ.

తలుపు తెరుచుకున్నా ఆ దారిన వచ్చినవాళ్ళు చాలా కాలం అరుదే. 1995లో కెవిన్ గార్నెట్ హైస్కూల్ నుంచి నేరుగా ఐదో ఎంపికగా రావడంతో వరద మొదలైంది. మరుసటి ఏడాది కోబీ బ్రయంట్. అప్పటికి కోబీ వయసు 17, కాబట్టి ఒప్పందం మీద తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టాల్సి వచ్చింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్ళీ అవసరమవుతుంది. తరవాత పదేళ్ళలో దాదాపు 40 మంది ఇలా వచ్చారు. 2003లో లెబ్రాన్ జేమ్స్, 2004లో డ్వైట్ హోవర్డ్ ఇద్దరూ మొదటి ఎంపికలే. ఈ పేర్లు అందరికీ తెలుసు. కోర్లియోన్ యంగ్ పేరు మీవారు విన్నారేమో అడగండి. 1998లో హైస్కూల్ నుంచి నేరుగా వచ్చి రెండో రౌండులో డెట్రాయిట్‌కు ఎంపికయ్యాడు. ఎన్‌బీఏలో అతను ఆడినవి మూడంటే మూడు ఆటలు. కాలేజీ జట్టులో ఆడే అర్హత ఎప్పుడో పోయింది. జెర్మైన్ ఓనీల్‌ది ఇంకో కథ. 1996లో హైస్కూల్ నుంచి వచ్చి, పోర్ట్‌లాండ్‌లో నాలుగేళ్ళు ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు. ఇండియానా జట్టుకు మారాక ఆరుసార్లు ఆల్‌స్టార్, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ళలో ఒకడు, అయ్యాడు. ఆ నాలుగేళ్ళు జీతం వచ్చింది కాబట్టి తట్టుకున్నాడు. మొదటి రౌండులో ఎంపికైనవాడికీ రెండో రౌండువాడికీ ఉన్న తేడా అదే. మొదటి రౌండువాడికి మొదటి రెండేళ్ళ జీతం ఖాయం. రెండో రౌండువాడికి ఏదీ ఖాయం కాదు.

జట్ల యజమానులకు ఇది గిట్టలేదు. హైస్కూల్ జిమ్‌లో తనకన్నా అడుగు పొట్టివాళ్ళ మీద ముప్ఫై పాయింట్లు కొట్టేవాడు పెద్దవాళ్ళ మధ్య ఏం చేస్తాడో ఎవరికి తెలుసు? 2001లో వాషింగ్టన్ జట్టు మొట్టమొదటి ఎంపికను హైస్కూల్ కుర్రాడు క్వామే బ్రౌన్ మీద పెట్టి పశ్చాత్తాపపడింది. తమ డబ్బుతో చేసే ఈ పరీక్ష ఇంకెవరి డబ్బుతోనైనా ఒక ఏడాది జరిగితే బాగుండునని వాళ్ళకు అనిపించింది. ఆ 'ఇంకెవరు' కాలేజీలు. అప్పటి కమిషనర్ డేవిడ్ స్టర్న్ 20 ఏళ్ళు అడిగారు, 2005 ఒప్పందంలో 19 దగ్గర బేరం తెగింది. 2006 డ్రాఫ్ట్ నుంచి అమలైంది. ఇది చట్టం కాదని గమనించండి. యజమానులకూ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన ఒడంబడిక. సంఘంలో ఓటు ఉన్నది అప్పటికే లోపల ఉన్నవాళ్ళకు. పద్దెనిమిదేళ్ళవాడు ఒకడు లోపలికి వస్తే ముప్ఫై నాలుగేళ్ళవాడు ఒకడు బయటికి పోతాడు. బస్సెక్కినవాళ్ళే కలిసి తలుపు వేసుకున్నారంటే తప్పేమీ లేదు. ఓనీల్ లాంటివారు అప్పుడే గట్టిగా అడిగారు: బేస్‌బాల్‌లో, హాకీలో లేని ఈ అడ్డు నల్లవారు ఎక్కువగా ఆడే ఈ ఆటలోనే ఎందుకని. 2018లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కాండలీసా రైస్ నాయకత్వంలోని విచారణ సంఘం ఈ పద్ధతి ఎత్తేయాలని సిఫారసు చేసింది. 2023లో కొత్త ఒప్పందం రాసుకున్నప్పుడు కూడా 19 అలాగే ఉండిపోయింది.

నా మట్టుకు నాకు ఈ నిబంధన అన్యాయమైనదనే అభిప్రాయం. సైన్యంలో చేరడానికి సరిపోయే వయసు బంతి ఆడటానికి ఎందుకు సరిపోదు? యూరప్ పిల్లలు కూడా ఎన్‌బీఏ కోసం 19 దాకా ఆగాలి గానీ, ఈలోపు అక్కడే జీతానికి ఆడుకోవచ్చు. లూకా డాంచిచ్ పదమూడేళ్ళకే రియల్ మాడ్రిడ్ శిక్షణకు వెళ్ళి, 16 ఏళ్ళ రెండు నెలలకు పెద్దల జట్టులో జీతానికి ఆడాడు. అతను పెద్దలతో రెండేళ్ళు ఆడేసే వయసుకు అమెరికా కుర్రాడు ఇంకా హైస్కూల్ జిమ్‌లోనే ఉంటాడు. అయితే నిబంధన అన్యాయమని నేను అనుకోవడం వేరు, దానివల్ల మీవాడికి నష్టం జరుగుతోందా అన్నది వేరు. ఇప్పుడున్న పరిస్థితుల్లో మామూలు అమెరికా కుర్రాడికి నష్టం దాదాపు పోయింది.

పాత రోజుల్లో ఆ ఏడాది వెట్టిచాకిరీ. కాలేజీ అరేనా నిండేది, టీవీ డబ్బు వచ్చేది, ఆడేవాడికి మాత్రం చదువు, భోజనం, పడక. దాన్ని తప్పించుకోవడానికే బ్రాండన్ జెనింగ్స్ 2008లో రోమ్ వెళ్ళి ఏడాది ఆడి, మరుసటి ఏడాది పదో ఎంపికయ్యాడు. లమెలో బాల్ ఆస్ట్రేలియా దారి పట్టి 2020లో మూడో ఎంపికయ్యాడు. వీళ్ళను ఇంట్లోనే ఉంచుకోవాలని ఎన్‌బీఏ తన కింది అంచె లీగ్ అయిన జీ లీగ్‌లో ఇగ్నైట్ అనే జట్టు పెట్టి, పేరున్న కుర్రాళ్ళకు ఏడాదికి ఐదు లక్షల డాలర్ల దాకా ఇచ్చింది. 2021 జూలైలో కథ తిరిగింది. కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చని కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. 2025 జూలై నుంచి ఒక్కో విశ్వవిద్యాలయం తన క్రీడాకారులందరికీ కలిపి, మొదటి ఏడాది లెక్కన సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచుకోవచ్చు. కాలేజీలోనే అంత డబ్బు ఉంటే ఇగ్నైట్‌కు ఎవరు వస్తారు? 2024లో దాన్ని మూసేశారు. ఇప్పుడు డ్రాఫ్ట్‌లో చివర్లో ఎంపికయ్యేలా ఉన్నవాళ్ళు కొందరు ఎన్‌బీఏ వద్దని కాలేజీకే తిరిగి వెళ్తున్నారు, అక్కడే ఎక్కువ వస్తోందని. మీ కోచ్‌గారు పంతొమ్మిది, పద్దెనిమిది అంటూ చెబుతున్నది 2005 నాటి లోకం.

ఇక్కడిదాకా చెప్పింది అమెరికాలో పుట్టిన కుర్రాడి సంగతి. మీవాడు అమెరికాలో పుట్టలేదు. కోచ్‌గారికి ఇది తోచి ఉండదు. మీకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే అయి ఉంటుంది.

హెచ్‌-4 మీద ఉన్న పిల్లవాడు చదువుకోవచ్చు, ఆడవచ్చు. సంపాదించకూడదు. కాలేజీ జట్టు ఇచ్చే వాటా అయినా, కారు షోరూములో నిలబడి ఫొటో దిగినందుకు ఇచ్చే డబ్బయినా పనికి తీసుకున్న కూలిగా లెక్కిస్తే వీసా షరతు తప్పినట్టే. రేపు విద్యార్థి వీసాకు మారినా అదే గొడవ. కెనడా నుంచి వచ్చిన జాక్ ఈడీ పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఆడుతూ వరసగా రెండేళ్ళు దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడయ్యాడు. ప్రకటనల డబ్బు దగ్గర మాత్రం విద్యార్థి వీసా వల్ల పక్కన బెంచీ మీద కూర్చున్న అమెరికా కుర్రాడికున్న స్వేచ్ఛ అతనికి లేకపోయింది. కాంగో నుంచి వచ్చిన ఆస్కార్ షిబ్వే కెంటకీ జట్టుతో 2022లో బహామాస్ వెళ్ళినప్పుడు, అమెరికా గడ్డ బయట ఉన్న ఆ కొద్ది రోజుల్లో తన ప్రకటనల పనులు చేసుకున్నాడు. అంత పెద్దవాళ్ళే అలా సందుల్లోంచి దూరాల్సి వస్తోంది. కాబట్టి కాలేజీలో లక్షలు వస్తాయన్న మాట మీ ఇంటికి వర్తిస్తుందని ముందే అనుకోకండి. వలసల లాయరును కలవకుండా ఒక్క డాలరు, ఒక్క జత బూట్లు కూడా తీసుకోవద్దు. క్లబ్ కోచ్‌కు తెలిసిన లాయరు కాకుండా మీకు తెలిసిన లాయరును కలవండి.

ఆ తరవాత 2030 జనవరి 2. ఆ రోజు మీవాడికి 21 నిండుతాయి, మీ గ్రీన్‌కార్డు అప్పటికి రాకపోతే హెచ్‌-4 ముగుస్తుంది. దరఖాస్తు పెండింగులో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేసే ఒక చట్టం ఉంది. అది మీకు ఎంతవరకు పనికొస్తుందో లాయరు తారీఖులు చూసి చెప్పాలి. ఎన్‌బీఏ జట్టే తీసుకుంటే వీసా వాళ్ళే చూసుకుంటారు, క్రీడాకారులకు పీ-1 అనే వీసా ఉంది, ఎందరో విదేశీయులు దాని మీదే ఆడుతున్నారు. అంటే ఎన్‌బీఏ వస్తే వీసా సమస్య కాదు. రాకపోతేనే సమస్య. కాలేజీ మధ్యలో వదిలి డ్రాఫ్ట్‌లో పేరు రాని అమెరికా కుర్రాడు ఇంటికి వచ్చి ఏ పనిలోనైనా చేరవచ్చు. మీవాడికి ఆ వీలు లేదు. వాడికి చేతిలో డిగ్రీ కావాలి, డిగ్రీ తరవాత దొరికే పని అనుమతి కావాలి, అవి దొరికేదాకా తెగని చదువు కావాలి. వాడితోటి ఆటగాడికి కాలేజీ ఒక మెట్టు. వాడికి అదే నిలబడే నేల. అందుకే చదువును కుదించే ఏ ఆలోచనయినా మీ ఇంట్లో రెట్టింపు ప్రమాదం. రెండేళ్ళ పాఠాలు ఏడాదిలో కుక్కితే మార్కులు ఏమవుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే ఎన్‌సీఏఏ గుర్తించిన 16 ముఖ్యమైన కోర్సులు, వాటిలో కనీసం 2.3 సగటు ఉండాలి. హడావుడిగా ఆన్‌లైన్‌లో చేసిన కోర్సుల్ని ఎన్‌సీఏఏ ఒప్పుకోకపోతే ఉన్నదీ పోతుంది.

మీరు అడగలేదు గానీ, పాస్‌పోర్టు భారతీయమే కదా, యూరప్ కుర్రాళ్ళ లెక్కలోకి రాడా అని మీవారు అడుగుతారు. రాడు. ఎన్‌బీఏ విదేశీ ఆటగాడనేది పాస్‌పోర్టు చూసి కాదు. డ్రాఫ్ట్‌కు ముందు కనీసం మూడేళ్ళు అమెరికా బయట నివాసం ఉండి అక్కడే ఆడినవాడు, ఇక్కడ హైస్కూల్ పూర్తి చేయనివాడు, ఇక్కడి కాలేజీలో చేరనివాడు అయి ఉండాలి. ఫ్రిస్కోలో చదివినవాడు ఎన్‌బీఏ కళ్ళకు టెక్సస్ కుర్రాడే. అలా లెక్కించినా 19 అయితే తప్పదు. పోనీ ఇప్పుడే యూరప్ పంపిద్దామంటే, 18 నిండనివాడు బాస్కెట్‌బాల్ కోసం ఒక దేశం నుంచి ఇంకో దేశపు క్లబ్బుకు మారడాన్ని ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫీబా, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, ఒప్పుకోదు. ఆ పాస్‌పోర్టుకు ఒక్క లాభం మాత్రం ఉంది. భారత జట్టు తలుపు తెరిచే ఉంటుంది. విదేశీ పౌరులై ఓసీఐ కార్డున్న పిల్లలకు ఆ భాగ్యం లేదు.

ప్రెప్ స్కూళ్ళన్నీ మోసమని నేను అనను. మీ ఊరికి బాగా తెలిసిన ఉదాహరణే ఉంది. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లె నుంచి సత్నాం సింగ్ 2010లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వచ్చాడు. హైస్కూల్ అయ్యాక అక్కడే ఇంకో ఏడాది ఉండి, 19 నిండి, కాలేజీ గడప తొక్కకుండా 2015 డ్రాఫ్ట్‌లో 52వ ఎంపికగా డాలస్ మావెరిక్స్‌కు వెళ్ళాడు. ఎన్‌బీఏ ఎంచుకున్న మొదటి భారతీయుడు అతనే. నిబంధన 'హైస్కూల్ తరవాత ఒక ఏడాది' అంటుంది గానీ ఆ ఏడాది కాలేజీలోనే గడపాలని అనదు. ఆ దారినే తరవాత 2018లో ఆన్‌ఫర్నీ సైమన్స్ వచ్చి మంచి పేరు తెచ్చుకున్నాడు. సత్నాం మాత్రం డాలస్ తరఫున ఒక్క ఆటా ఆడలేదు. మీ ఫ్రిస్కోలోనే, డాలస్ వారి జీ లీగ్ జట్టు టెక్సస్ లెజెండ్స్‌లో రెండు సీజన్లు గడిపాడు. ఏడడుగుల రెండంగుళాల మనిషి, ఊరు వదిలిన పద్నాలుగేళ్ళ పిల్లవాడు, పక్కన ఒక డిగ్రీ లేదు. తరవాత వృత్తి కుస్తీలోకి వెళ్ళాడు. శ్రమకు వెనకాడేవాడు కాడని అందరూ చెబుతారు. మీవారిని ఒక శనివారం ఆ లెజెండ్స్ ఆటకు తీసుకెళ్ళండి. బెంచీ చివర కూర్చున్న ఆరడుగుల ఏడంగుళాలవాళ్ళను లెక్కపెట్టమనండి. వాళ్ళంతా ఒకప్పుడు తమ ఊళ్ళో అందరికన్నా పొడవైనవాళ్ళే, అందరికన్నా బాగా ఆడినవాళ్ళే.

ఇరవై శాతం ఒప్పందం గురించి నాలుగు మాటలు చాలు. సంతకం పెట్టకండి. ఆటగాళ్ళ సంఘం గుర్తించిన ఏజెంటుకే ఎన్‌బీఏ జీతంలో నాలుగు శాతానికి మించి తీసుకునే హక్కు లేదు. ఇరవై అడిగే పెద్దమనిషికి ఆ గుర్తింపు ఉందా అని అడగండి. కోబీ విషయంలో చెప్పాను కదా, 18 నిండేదాకా పిల్లవాడి సంతకంతో పాటు మీ సంతకం కావాలి. ఆ హక్కు మీ చేతిలో ఉన్నది ఇంక ఏడాది పైచిలుకే, 2027 జనవరి 2 దాకా. తొందర ఎవరికో, ఎందుకో మీకే అర్థమవుతుంది.

మరి వాడిలో నిజంగా అంత సత్తా ఉందా? నేను చూడలేదు, చెప్పలేను. కానీ తెలుసుకునే దారి ఒకటి ఉంది, పైసా ఖర్చు లేనిది. పదో తరగతి ముగిసిన ఏడాది జూన్ 15 నుంచి కాలేజీ కోచ్‌లు కుర్రాళ్ళకు నేరుగా ఫోన్ చేయవచ్చు. మీవాడికి ఆ తేదీ దాటి నెలలైంది. ఎంతమంది డివిజన్ వన్ కోచ్‌లు వాడి ఫోనుకు నేరుగా చేశారు? క్లబ్ కోచ్ ద్వారా వచ్చిన కబుర్లు లెక్కలోకి రావు. పదిమంది చేశారంటే, వాడికి మంచి కాలేజీ దొరుకుతుంది, ఎక్కడికీ పరుగెత్తనక్కరలేదు. ఎవరూ చేయలేదంటే, ఎన్‌బీఏ వయసు గురించి ఇంట్లో తగువు పడటం, పుట్టని బిడ్డకు పేరు పెట్టినట్టు. రెండింటికీ మధ్య ఉంటే, వచ్చే వేసవి టోర్నమెంట్లు చెబుతాయి. ఆ జిమ్‌లు నాకూ తెలుసు. ఒకే కప్పు కింద ఎనిమిది కోర్టులు, ఒకేసారి ఎనిమిది ఈలలు, గోడవారన మడత కుర్చీల్లో కాలేజీ చొక్కాలు వేసుకున్న కోచ్‌లు, పక్కన కూలర్లో పులిహోర డబ్బాలతో మనవాళ్ళు. అక్కడ స్కోరు చూడకండి. ఆ మడత కుర్చీలవాళ్ళు మీవాడి ఆట మధ్యలో లేచి పక్క కోర్టుకు వెళ్తున్నారా, కూర్చునే ఉన్నారా అన్నది చూడండి.

ఒక చిన్న హెచ్చరిక కూడా. ఇప్పుడు బడి మార్చి, అక్కడ కుదరక మళ్ళీ ఫ్రిస్కో బడికి వస్తే, ఆట కోసమే మారారని టెక్సస్ పాఠశాలల క్రీడా సంఘం భావిస్తే ఒక ఏడాది ప్రధాన జట్టులో ఆడనివ్వదు. పన్నెండో తరగతి పిల్లవాడికి ఆ ఏడాది పోతే ఇంక మిగిలేది లేదు.

అమ్మాయి సంగతి. ఆడవాళ్ళ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో గడప ఇంకా ఎత్తు. 2020 ఒప్పందం ప్రకారం ఇక్కడి అమ్మాయి డ్రాఫ్ట్‌కు రావాలంటే ఆ క్యాలెండర్ ఏడాదిలో 22 నిండాలి, లేదా నాలుగేళ్ళ డిగ్రీ అయిపోవాలి, లేదా హైస్కూల్ ముగిసి నాలుగేళ్ళు కావాలని ఉండేది. బయటి దేశాల్లో ఆడేవారికి 20 చాలనేవారు. అమ్మాయిలను డిగ్రీ అయ్యేదాకా ఆగమనే నిబంధన అబ్బాయిలను ఏడాదికే వదిలేయడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది. ఇదీ ఒడంబడికే, బేరాలు జరిగినప్పుడల్లా మారవచ్చు. పన్నెండేళ్ళ పిల్లకు ఇప్పుడు ఇవేవీ అవసరం లేదు. మోకాళ్ళు జాగ్రత్తగా చూసుకోమనండి, ఏడాది పొడవునా ఒకే ఆట కాకుండా ఇంకొకటి కూడా ఆడనివ్వండి.

కోచ్‌గారితో తగువు పెట్టుకోకండి. మీవాడికి వేసవిలో ఆయన అవసరం ఉంది, ఆయన మనసులో దురుద్దేశం ఉందని కూడా నేను అనడం లేదు. ఈ రాత్రి ఒక సందేశం పంపండి, మర్యాదగానే: 'మావాడు 2009 జనవరి 2న పుట్టాడు. 2026లో హైస్కూల్ పూర్తి చేస్తే ఏ ఏడాది డ్రాఫ్ట్‌కు అర్హుడవుతాడు?' 2028 అని జవాబిస్తే ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి మాట్లాడండి. 2027 అని జవాబిస్తే ఆ జవాబును మీవారికి చూపించి, పక్కనే క్యాలెండర్ పెట్టండి.